మీకు తెలుసా? నాలుగు టైర్లలో దాగిన వింతలు

నైటీలు కుట్టడంలో పేరు మోసిన ఊరు తళవాయిపురం. దాని పక్కనే రాజపాళయం; తరతరాలుగా తమిళ నేల మీద ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రాజుల ఊరు. ఇక్కడ ఇంటి ఎస్‌యూవీకి తీరిక ఉండదు. మదురైలో పెళ్లికి అదే, కుట్రాలం జలపాతానికి అదే, మాల వేసుకుంటే శబరిమలకూ అదే! మధ్యలో నైటీల మూటలు ఎక్కినా ఎక్కుతాయి. అలాంటి బండికి టైర్లు అరిగి కొత్తవి కొనాల్సి వచ్చిందా? అయితే కొట్టుకు బయల్దేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ వింతలు చదవండి!

● టైరు పక్క గోడ మీద 215/60 ఆర్17 అని ఉందా? ఆ ఒక్క వరుసలో మూడు రకాల కొలతలున్నాయి! 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం అని. 17 మాత్రం రిమ్ము వ్యాసం, అదీ అంగుళాల్లో!

● ఆ మూడు అంకెలుంటే చాలు, టేపు లేకుండానే టైరు ఎత్తు చెప్పేయొచ్చు! 215లో 60 శాతం 129, పైగోడా కిందిగోడా కలిపి 258, దానికి 17 అంగుళాలు అంటే 431.8 మి.మీ. కలిపితే 689.8 మి.మీ. బడి సెలవుల్లో పిల్లలకు ఇవ్వదగిన లెక్క ఇది!

● ఈ టైరు కిలోమీటరుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఊహించండి. వందా? రెండు వందలా? దాదాపు 461! రాజపాళయం నుంచి మదురైకి సుమారు 85 కి.మీ. కాబట్టి అక్కడ దిగేసరికి ఒక్కో టైరు 39 వేల చుట్లు తిరిగి ఉంటుంది.

● ఒక్క చుట్టు తిరిగినప్పుడు టైరు ఎంత అరుగుతుంది? ఒకటి రెండు పరమాణువుల మందం! కొత్త టైరు గాడి లోతు 8 మి.మీ., మార్చాల్సిన లోతు 1.6 మి.మీ., మధ్యలో 50,000 కి.మీ. నడిచిందనుకుని 2.3 కోట్ల చుట్లతో భాగిస్తే వచ్చేది మిల్లీమీటరులో దాదాపు ముప్పై ఆరు లక్షల వంతు. ఇంత సన్నటి అరుగుదలే పోగుపడి చివరికి మన చేత వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంది!

● అదే లెక్కను పొడిగించి చూడండి: రాజపాళయం నుంచి చెన్నై దాకా వెళ్తే టైరు ఒక తలవెంట్రుక మందమంత అరుగుతుంది! దూరం 550 కి.మీ.కి అటూ ఇటూ. వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ.

● ఐదుగురు కూర్చున్న ఎస్‌యూవీ నేలను తాకేది ఎంత మేర? నాలుగు టైర్లూ కలిపి ఒక ఏ4 కాగితం కంటే రవ్వంత ఎక్కువ, అంతే! బండి బరువు 1,600 కిలోలు, గాలి 33 పీఎస్‌ఐ అనుకుంటే ఒక్కో టైరుకు వచ్చేది దాదాపు 173 చదరపు సెంటీమీటర్లు. మలుపులో పట్టైనా, బ్రేకు వేస్తే ఆగడమైనా ఆ కాస్త చోటు మీదే.

● ఆ 1,600 కిలోలను మోసే గాలి బరువెంత? ఒక్కో టైరులో 200 గ్రాములు కూడా ఉండదు! ఈ సైజు టైరులో పట్టే చోటు దాదాపు 45 లీటర్లు, అందులో బయటి గాలికి మూడు రెట్ల పైచిలుకు చిక్కగా కూరితే తూగేది అంతే.

● సైజు పక్కన 96హెచ్ అని ఉంటుంది చూశారా? ఆ 96 కిలోలూ కాదు, కిలోమీటర్లూ కాదు! అది బరువుల పట్టికలో వరస నంబరు. 95 అంటే టైరుకు 690 కిలోలు, 96 అంటే 710, వందకు చేరితే 800. నైటీల మూటలు ఎక్కించే ఇల్లు తప్పకుండా చూడాల్సిన అంకె ఇది. పాత టైరు కంటే తక్కువ నంబరుది కొట్టువాళ్లు చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

● హెచ్ అక్షరం గంటకు 210 కి.మీ. వేగానికి గుర్తు. మరి యూ అక్షరం? 200! అక్షరమాలలో ఎంతో ముందున్న హెచ్ ఇక్కడ యూ తర్వాత, వీ ముందు కూర్చుంది. మొదట్లో ఎస్, హెచ్, వీ అనే మూడే ఉండేవి, తక్కిన అక్షరాలు తర్వాత వచ్చి చేరాయి.

● ప్రతి టైరుకూ పుట్టిన వారం ఉంటుంది! గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు కనిపిస్తాయి: మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. ఏదీ, 4723 అని ఉంటే ఆ టైరు ఎప్పుడు తయారైందో చెప్పండి చూద్దాం. 2023 నవంబరు చివర్లో!

● ఆ గడిలో మూడే అంకెలు కనిపిస్తే? ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుదన్నమాట! నాలుగంకెల పద్ధతి మొదలైంది 2000లో.

● పుట్టిన వారం కోసం బండి చుట్టూ తిరిగినా దొరకలేదా? అది లోపలి గోడ మీద దాక్కుని ఉండొచ్చు! చాలా టైర్లకు పూర్తి కోడు ఒక వైపే అచ్చవుతుంది, కాబట్టి బిగించక ముందే కొట్టులో రెండు వైపులా తిప్పి చూడటం మేలు.

● ఒక్క కిలోమీటరూ నడవని టైరు కూడా ముసలిదవుతుంది! రబ్బరు గాలికీ ఎండకీ గట్టిపడి పగుళ్లిస్తుంది. అందుకే ఐదేళ్లు దాటితే ఏటా చూపించమనీ, ఎంత బాగా కనిపించినా పదేళ్లకు మార్చేయమనీ పలు కంపెనీలు చెబుతాయి.

● కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఎందుకుంటాయి? అవి అలంకారం కాదు, అచ్చులోంచి గాలి పారిపోయిన దారులు! వేడి రబ్బరు అచ్చులో ఒదిగేటప్పుడు చిక్కుకున్న గాలి పోవడానికి సన్నటి కంతలుంటాయి, వాటిలోకి దూరిన రబ్బరే ఈ వెంట్రుకలు.

● కొన్ని కొత్త టైర్ల గోడ మీద చిన్న పసుపు చుక్క ఉంటుంది. టైరు చుట్టూతా అన్నిటికంటే తేలికైన చోటు అదే! రిమ్ములో బరువెక్కువ ఉండేది గాలి కొట్టే వాల్వు దగ్గర, కాబట్టి చుక్కను దాని పక్కకు తెచ్చి బిగిస్తే రెండూ సర్దుకుంటాయి.

● అసలు రబ్బరు రంగు తెలుపు! చెట్టు పాలు తెల్లనివి, తొలినాటి టైర్లూ లేతరంగువే. కార్బన్ బ్లాక్ అనే నల్లటి పొడి కలిపితే రబ్బరు ఎన్నో రెట్లు గట్టిగా అరుగుదలను తట్టుకుంటుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తేలాకే టైరు నల్లబడింది.

● టైర్ల దొంతరలా ఉండే మిషెలిన్ బొమ్మ మనిషి తెల్లగా ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసిందా? అతను పుట్టిన 1898లో టైర్లు ఇంకా నల్లబడలేదు!

● ఆ మిషెలిన్ వాళ్లే 1900లో ప్రయాణికుల కోసం ఒక పుస్తకం అచ్చేశారు, 35,000 ప్రతులు! అప్పటికి ఫ్రాన్సు మొత్తం మీద కార్లు మూడు వేలు కూడా లేవు. జనం ఊళ్లు తిరిగితే టైర్లు అరుగుతాయి, అరిగితే కొత్తవి అమ్ముడుపోతాయి! నేడు రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే గొప్ప గైడు అదే.

● 1946లో రెండు సంగతులు జరిగాయి. ఫ్రాన్సులో మిషెలిన్ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. మద్రాసు తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై పిల్లలాడుకునే బుడగల తయారీ మొదలుపెట్టారు. ఆ బుడగల కొట్టం ఏమైందో తెలుసా? అదే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ, మన ఎంఆర్‌ఎఫ్!

● ఆ ఎంఆర్‌ఎఫ్ ఒక్క షేరు ధర 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది! మన దేశపు స్టాకు మార్కెట్టులో ఆ గీత దాటిన మొదటి షేరు అదే.

● ఇంకో జంట సంవత్సరం 1936. పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టిందీ, బెంగాల్ సాహాగంజ్‌లో డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ మొదలైందీ ఆ ఏడే! నూలు మిల్లుకూ టైరుకూ ఏం చుట్టరికం అంటారా? ఆ రోజుల్లో టైరు లోపలి పొరలు అల్లింది నూలు దారాలతోనే!

● అవును, టైరు పైకి రబ్బరు, లోపల గుడ్డ! నూలు పోయి రేయాన్, నైలాన్, పాలియెస్టర్ వచ్చాయి, రేడియల్ టైర్లలో ట్రెడ్డు, అంటే నేలను తాకే పొర, కింద ఉక్కు తీగల పట్టీ చేరింది. మన చెన్నై మణలిలోని ఎస్‌ఆర్‌ఎఫ్ ఇప్పటికీ టైర్ల కోసం నైలాన్ దారపు గుడ్డ నేస్తుంది. పత్తి, నూలు, మగ్గం తెలిసిన రాజపాళయం వాళ్లకు టైరు కోసి చూపిస్తే మొదట పడే చూపు ఆ దారాల మీదేనని నా నమ్మకం.

● రబ్బరును వేడికి కరగకుండా, చలికి పెళుసెక్కకుండా చేసే కిటుకు 1839లో గంధకంతో కనిపెట్టినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్. ఆయన 1860లో అప్పులతోనే కన్నుమూశాడు! ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ 1898లో మొదలైంది. దానితో ఆయనకు గానీ ఆయన కుటుంబానికి గానీ ఏ సంబంధమూ లేదు.

● గాలి టైరు కనిపెట్టిందెవరు? డన్‌లప్ అన్నారా? ఆయనకంటే నలభై ఏళ్ల ముందే ఒకాయన పేటెంటు తీసుకున్నాడు! బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన డన్‌లప్ 1888లో కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. 1840లలోనే రాబర్ట్ థామ్సన్ ఆ పని చేశాడని బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది.

● రాజపాళయం మీదుగా పోయే 744వ జాతీయ రహదారి మీ టైర్లను వాటి పుట్టింటికి తీసుకెళ్తుంది! తెన్‌కాశి, సెంగోట్టై, ఆర్యంకావు కనుమ దాటి పునలూరు వైపు దిగితే రోడ్డుకు రెండు పక్కలా రబ్బరు తోటలే.

● ఆ తోటల ముత్తాతలు బ్రెజిల్ గింజలు! 1876లో హెన్రీ విక్‌హామ్ అమెజాన్ అడవుల నుంచి దాదాపు 70,000 గింజలు లండన్ క్యూ తోటకు చేర్చితే మొలకెత్తినవి మూడు వేలు కూడా లేవు. ఆసియా రబ్బరు తోటలకు మూలం ఆ గుప్పెడు మొక్కలే. మన దేశంలో తొలి వాణిజ్య రబ్బరు తోట 1902లో కేరళ తట్టేక్కాడులో వెలిసింది.

● రబ్బరు చెట్టు మొదటి చుక్క పాలివ్వడానికి ఏడేళ్ల దాకా కాచుకోవాలి! గీత పెట్టేది కూడా తెల్లవారుజామునే. ఎండెక్కితే పాల ధార తగ్గిపోతుంది.

● కార్ల రారాజు హెన్రీ ఫోర్డ్ 1928లో టైర్ల రబ్బరు కోసం బ్రెజిల్ అడవిలో ఏకంగా ఒక ఊరే కట్టించాడు, పేరు ఫోర్డ్‌లాండియా! చెట్లను దగ్గరదగ్గరగా నాటడంతో ఆకు తెగులు చెలరేగి తోట దెబ్బతింది, 1945లో ఊరిని తిరిగి బ్రెజిల్‌కు అప్పగించారు. ఇంతకీ ఫోర్డ్ ఆ ఊళ్లో ఎన్నిసార్లు అడుగు పెట్టాడంటారు? ఒక్కసారీ లేదు!

● 1942లో అమెరికా అంతటా కార్ల వేగాన్ని గంటకు 35 మైళ్లకు, అంటే 56 కి.మీ.కి కట్టడి చేశారు. ప్రమాదాలకు భయపడి కాదు, టైర్లు అరగకూడదని! ఆసియా రబ్బరు తోటలు జపాన్ చేతికి చిక్కడంతో పెట్రోలు రేషను పెట్టింది కూడా ముఖ్యంగా రబ్బరు ఆదా కోసమే.

● విరుదునగర్ జిల్లాలో ఏడాది వాన 800 మి.మీ.కి అటూ ఇటూ. కనుమ దాటి కేరళలో అడుగు పెడితే సగటు దాదాపు 3,000 మి.మీ.! ఒకే ఉదయం పొడి రోడ్డు మీద బయల్దేరి తడి ఘాట్‌లోకి దిగే బండి కాబట్టి, ఇక్కడివాళ్లు టైరు కొనేటప్పుడు మైలేజీ ఎంతని అడిగే ముందు తడి రోడ్డు మీద పట్టు ఎలా ఉంటుందని అడగాలి. శబరిమల యాత్రలు సాగేది కూడా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే మరి.

● టైరు నీళ్ల మీద తేలుతుంది! గాడులు పూర్తిగా అరిగిన టైరు నిలిచిన నీటిలో ఏ వేగం దగ్గర నేలను వదిలేస్తుందో 1960లలో నాసా పరిశోధకులు సూత్రం కట్టారు: పీఎస్‌ఐ అంకెకు వర్గమూలం కట్టి 10.35తో హెచ్చిస్తే మైళ్లలో వేగం వస్తుంది. 33 పీఎస్‌ఐకి అది గంటకు దాదాపు 96 కి.మీ.; గాలి తగ్గి 25కు దిగితే 83కే బండి తేలిపోతుంది!

● రెండే కొత్త టైర్లు కొన్నారు. ముందు వేయాలా, వెనకా? ముందే అంటారు చాలామంది. వెనకే వేయాలి! వెనక టైర్లు తడి రోడ్డు మీద జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని దారికి తేవడం చేయి తిరిగిన డ్రైవరుకూ కష్టమే. ముందు చక్రాలతో నడిచే బండికైనా ఇదే మాట. కొట్టులో ఎవరైనా కాదంటే గట్టిగా అడిగి వెనకే వేయించండి.

● నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్‌వీల్ డ్రైవ్ బండికి మాత్రం ఒక్క కొత్త టైరు వేసినా చిక్కే! అరిగిన టైరు కాస్త చిన్నదై ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఆ తేడా గేర్ల మీద పడుతుంది.

● టయోటా ఫార్చ్యూనర్‌కు 265/65 ఆర్17 టైర్లూ ఉన్నాయి, 265/60 ఆర్18 టైర్లూ ఉన్నాయి. రిమ్ములో అంగుళం తేడా, అంటే 25.4 మి.మీ. మరి టైరు పూర్తి ఎత్తులో తేడా? దాదాపు ఒక్క మిల్లీమీటరు! రిమ్ము పెరిగిన మేరకు రబ్బరు గోడ తగ్గింది. అందం పెరుగుతుంది గానీ గతుకును ఓర్చే గోడ చిన్నదవుతుంది. పల్లె రోడ్ల మీద తిరిగే ఇంటి బండికి నా ఓటు 17కే.

● 215/60 ఆర్17 తీసేసి బాగుందని 225/65 ఆర్17 వేయిస్తే స్పీడోమీటరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది! టైరు ఎత్తు ఐదు శాతం పెరుగుతుంది, ముల్లు వంద చూపేచోట ముందు కంటే ఐదు కి.మీ. ఎక్కువ వేగంతో పోతుంటారు.

● గాడుల అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న రబ్బరు కట్టలు దాగి ఉంటాయి. ట్రెడ్డు వాటితో సమానమైతే టైరు ఆయువు తీరినట్టే! ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర్లేదు, టైరు భుజం మీద చిన్న త్రిభుజమో టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఆ చోటు చూపిస్తాయి.

● ట్రెడ్డు మీద దిమ్మెలన్నీ ఒకే సైజు అనుకుంటున్నారా? దగ్గరగా చూడండి, చిన్నాపెద్దా కలిపి ఉంటాయి! అన్నీ ఒకేలా ఉంటే ఒకే శ్రుతిలో రొద పుడుతుంది. సైజులు మార్చి ఆ మోతను చెల్లాచెదురు చేస్తారు.

● టైరు చప్పుడు 3 డెసిబెల్లు ఎక్కువంటే కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ ధ్వని శక్తి రెట్టింపైనట్టు! డెసిబెల్లు కూడికతో కాక హెచ్చింపుతో పెరిగే కొలత కాబట్టి ఇలా జరుగుతుంది.

● ఒక మంచి టైరులో ఎన్ని రకాల పదార్థాలుంటాయి? మిషెలిన్ లెక్కలో రెండు వందలకు పైనే! సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, ఉక్కు, గుడ్డ, కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు, గంధకం... పట్టిక సాగుతూనే ఉంటుంది.

● వరి ఊక కూడా టైరులో చేరింది! ఊకను కాల్చిన బూడిదలో సిలికా దండిగా ఉంటుంది, దాన్ని గుడ్‌ఇయర్ తన టైర్లలో వాడుతోంది. సిలికా కలిపితే తడి రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, ఇంధనమూ ఆదా అవుతుంది. గోదావరి, కావేరి రైతులు ఎన్ని టన్నుల ఊక చూసి ఉంటారో!

● మీరు పోయించే ఐదు ట్యాంకుల డీజిలులో దాదాపు ఒక ట్యాంకు టైర్ల కోసమే ఖర్చవుతుందని మిషెలిన్ అంటుంది! టైరు నేలను తాకిన ప్రతిసారీ నలిగి మళ్లీ సర్దుకుంటుంది, ఆ నలుగుడులో శక్తి వేడిగా పోతుంది.

● పొద్దున చూస్తే 33 పీఎస్‌ఐ, మధ్యాహ్నం చూస్తే 36! ఎవరూ గాలి కొట్టలేదు; వేడి ఐదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. అందుకే గాలి చూసుకోవాల్సింది బండి కదలక ముందు, చల్లగా ఉన్నప్పుడు.

● గోడ మీద రాసిన గరిష్ఠ గాలి అంకె మీ బండికి కొట్టాల్సిన అంకె కాదు! అది టైరు ఓర్చుకోగల హద్దు మాత్రమే. మీ బండి అంకె డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించి ఉంటుంది, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంతో కూడా అక్కడే రాస్తారు.

● నైట్రోజన్ నింపమంటారా అని అడిగారా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్! విమానాల టైర్లలో మాత్రం నైట్రోజన్ తప్పనిసరి. 200 పీఎస్‌ఐ దాకా బిగించిన ఆ టైర్లలో తేమా ఉండకూడదు, నిప్పుకు సాయపడే ఆక్సిజనూ ఉండకూడదు.

● మన దేశంలో అమ్మే కారు టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండి తీరాలి! కార్ల టైర్ల ప్రమాణం నంబరు ఐఎస్ 15633. కొట్టులోనే గోడ మీద వెతికి చూడొచ్చు, పిల్లలకు అప్పగిస్తే ఇట్టే పట్టేస్తారు.

● దాని పక్కనే వలయంలో ఇ4 లాంటిది కనిపిస్తే అదొక దేశం పేరు! యూరప్ ప్రమాణాల కింద ఆమోదం ఇచ్చిన దేశపు నంబరు అది: 1 జర్మనీ, 2 ఫ్రాన్సు, 3 ఇటలీ, 4 నెదర్లాండ్స్.

● 2022 నుంచి మన దేశంలోనూ టైరుకు మూడు పరీక్షలు వచ్చాయి: దొర్లడంలో ఎంత శక్తి తింటుంది, తడిలో ఎంత పట్టు, ఎంత చప్పుడు! కొత్త డిజైన్లకు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలు.

● కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ 300, 400 అని ఉంటుంది. ఆ అంకె పుట్టింది టెక్సస్ రోడ్ల మీద! శాన్ ఏంజెలో దగ్గర దాదాపు 640 కి.మీ. దారిలో కార్ల బారును 7,200 మైళ్లు తిప్పి, వందగా లెక్కించే ఒక మాదిరి టైరుతో పోల్చి చూస్తారు. అంకె పెద్దదైతే ఎక్కువ మన్నిక.

● ప్రపంచంలో అత్యధికంగా టైర్లు చేసేదెవరు? బొమ్మల కంపెనీ లెగో! 2011లో 31.8 కోట్ల బుల్లి టైర్లు, అంటే రోజుకు 8.7 లక్షలు చేసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

● అటు చివర గనుల్లో తిరిగే డంపర్ల టైర్లు నాలుగు మీటర్ల ఎత్తు, ఐదు టన్నులకు పైగా బరువు! మన ఎస్‌యూవీ టైర్లు ఐదు నిలువునా పేర్చినా ఆ ఎత్తును అందుకోలేవు.

● 1971లో చంద్రుడి మీద తిరిగిన బండికి రబ్బరూ లేదు, గాలీ లేదు! జింకు పూసిన ఉక్కు తీగలతో అల్లిన జాలీ చక్రాలవి.

● తెలుగు నేల మీదా టైర్లు పుడతాయి! సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, సత్యవేడు వైపు చిన్నపండూరులో అపోలో, అచ్యుతాపురంలో యొకోహామా గ్రూపు ఫ్యాక్టరీలున్నాయి. రాజపాళయం వాళ్లకైతే ఇంకా దగ్గర: మదురైలో టీవీఎస్ శ్రీచక్ర చేసే స్కూటరు, మోటారు సైకిలు టైర్లు!

● పక్క గోడకు మేకు దిగితే ఎంత చిన్నదైనా టైరు మార్చాల్సిందే! ట్రెడ్డు మీదైతే కంత పూడ్చొచ్చు, అదీ 6 మి.మీ. లోపుంటేనే. గోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది, అక్కడ అతుకు నిలవదు.

● కొన్ని కొత్త కార్లకు ఐదో టైరే ఉండదు, అదీ చట్టం ఒప్పుకునే! 2020 నిబంధన ప్రకారం తొమ్మిది సీట్ల లోపు బండికి టైర్లలో గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చరు సరిచేసే కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా సరే.

● మీ బండికి అసలు సైజు స్టెప్నీ ఉందా? అయితే ఆఖరి ప్రశ్న మీకే. ఒక్కో టైరు 50,000 కి.మీ. నడుస్తుంది, ఐదింటినీ వంతులవారీగా మారుస్తూ సమానంగా అరగనిస్తే బండి మొత్తం ఎంత దూరం పోతుంది? కాగితం, కలం తీయండి... వచ్చిందా? 62,500 కి.మీ.! ఐదు టైర్ల ఆయుష్షు కలిపి రెండున్నర లక్షలు, నేల మీద ఎప్పుడూ ఉండేవి నాలుగే కదా!